పదహారున్నర అంగుళాల బేరం

గ్యారేజీ నేల మీద రెండు అట్టలు పరిచి ఉన్నాయి. ఫ్రిజ్ వచ్చిన పెట్టెను కోసి తీసిన అట్టలవి. మా మేనల్లుడు ట్రక్కు వెనక చక్రాన్ని జాకీతో లేపి, టైరుకి నల్లరంగు పూసి, మెల్లగా అట్ట మీదికి దించాడు. క్షణం ఆగి మళ్లీ లేపాడు. పారాణి కాలితో తొక్కినట్టు ముద్ర పడింది. స్కేలు పెట్టి కొలిచి, "రాసుకో మామయ్యా. వెడల్పు 35 సెంటీమీటర్లు, పొడవు 4.4" అన్నాడు.

పక్క అట్ట మీద అంతకుముందు పాత టైరుతో తీసిన ముద్ర ఉంది. దాని వెడల్పు 18, పొడవు ఎనిమిదిన్నర. గుణించి చూశాను. పాతది 153 చదరపు సెంటీమీటర్లు, కొత్తది 154. లెక్క తప్పు చేశానేమో అని మళ్లీ గుణించాను. తప్పేమీ లేదు. టైరు వెడల్పు రెట్టింపుకి దగ్గరపడింది, నేలకు ఆనిన రబ్బరు మాత్రం ఉన్నంతే ఉంది.

"మరి ఇంత డబ్బు పోసి ఈ దొన్నెల్లాంటి చక్రాలు ఎందుకురా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. జవాబు తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది. డాలస్‌కి ముప్పావుగంట దూరంలో ఉన్న వాళ్లింట్లో ఆ మూడు వారాలూ నేను చేసిన పని టార్చిలైటు పట్టుకోవడం, టేపు రెండో కొస పట్టుకోవడం, అడ్డం రాకుండా నిలబడటం.

బండి 1984 నాటి షెవర్లే సీ10. పొట్టి తొట్టి ఉన్న రకం. ఇంజను చచ్చిపోయి ఎవరి పెరట్లోనో గడ్డి మొలిచి పడి ఉంటే బేరమాడి తెచ్చుకున్నాడు. చేతిలో ఉన్నది మొత్తం 5,000 డాలర్లు, అందులో బండికే మూడో వంతు పోయింది. మిగిలిన దాంతో దాన్ని వెనక నుంచి చూస్తే రోడ్డంతా టైర్లే కనిపించే బండిగా మార్చాలి. తోడు పక్కింటాయన. బతుకంతా వెల్డింగు చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, పనిముట్లు ఎక్కువ.

అమెరికాలో ఈ రకం బళ్లకి 'ప్రో స్ట్రీట్' అని పేరు. అక్కడి డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 1970లో 'ప్రో స్టాక్' అనే తరగతి మొదలుపెట్టింది. బయటికి మామూలు కారు ఆకారం, లోపల పావు మైలు పరుగు కోసం పుట్టిన యంత్రం. వెనక టైర్లు ఎంత వెడల్పంటే, అవి పట్టడానికి కారు లోపలిదాకా గోడలు జరిపి గంపల్లాంటి గూళ్లు కట్టేవారు. ఆ రూపం చూసి కుర్రకారు తమ వీధి బళ్లకీ అదే చేయించుకోవడం మొదలుపెట్టారు. ఒహాయోకి చెందిన స్కాట్ సలివన్ కట్టిన 1967 నోవా ఈ ఒరవడికి తొలి నమూనాల్లో ఒకటిగా పేరుపడింది. 1980ల్లో ఇల్లినాయ్‌లోని డుక్వాయిన్‌లో జరిగే మేళాకి ఇలాంటి బళ్లు బారులు తీరేవి. పోనుపోను అది పోటీగా ముదిరింది. రిక్ డాబర్టిన్ 1986లో తెచ్చిన పాంటియాక్ జే2000లో సూపర్‌చార్జరు, రెండు టర్బోలు, నైట్రస్ అన్నీ కలిసి ఉండేవి. అద్భుతమైన పనితనం, సందేహం లేదు. కానీ అసలు వీధిలో తిరగని వీధి బండి అనే వింత జాతి పుట్టింది అక్కడే. లారీ ఎక్కి మేళాకి వస్తుంది, లారీ ఎక్కి ఇంటికి పోతుంది. నా మటుకు నాకు, డబ్బు లేనివాడు కట్టిన ప్రో స్ట్రీట్ బండే ఆ పేరుకి తగినది. వాడికి లారీ అద్దెకు తెచ్చుకునే స్తోమత ఉండదు కాబట్టి, నడిపి తీరాలి.

ఇక అట్టల సంగతి.

ఒరిపిడి గురించి బళ్లో చదువుకున్నది ఒకసారి గుర్తు చేసుకుందాం. ఫ్రాన్సుకు చెందిన అమొంటన్ 1699లో చెప్పిన సూత్రం ప్రకారం ఒరిపిడి బరువును బట్టి ఉంటుంది గానీ ఆనిన వైశాల్యాన్ని బట్టి కాదు. ఇటుకను నిలబెట్టి లాగినా పడుకోబెట్టి లాగినా ఒకటే బలం కావాలి. దానికి తోడు గాలి టైరుకి సొంత లెక్క ఒకటుంది. చక్రం మీద పడే బరువును లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే దాదాపుగా నేలకు ఆనే వైశాల్యం వస్తుంది. ఖాళీ ట్రక్కు 1,700 కిలోలనుకుంటే వెనక ఇరుసు మీద పడేది అందులో నలభై శాతం, అంటే చక్రానికి 340 కిలోలు. గాలి 32 పీఎస్‌ఐ పెట్టారు, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు రెండుంపావు కిలోలు. భాగిస్తే 151. మా అట్టల మీద పడ్డ అంకె ఇదే. టైరు సన్నగా ఉంటే ఆ 151 నిలువుగా పరుచుకుంటుంది, వెడల్పుగా ఉంటే అడ్డంగా పరుచుకుంటుంది. ఆకారం మారుతుంది, వైశాల్యం మారదు.

రెండు సూత్రాలూ కలిపి చూస్తే వెడల్పు టైరు శుద్ధ దండగ. అయితే రబ్బరు ఇటుక కాదు. గరుకు రోడ్డు మీద రబ్బరు ప్రతి రాతిగుల్ల చుట్టూ సాగి అతుక్కుంటుంది, ఆ గుల్ల దాటాక మెల్లగా వెనక్కి కుంగుతుంది. అలా అతుక్కోవడంలోనూ, సాగి కుంగడంలోనూ పోయే శక్తే దాని పట్టు. ఇక్కడే అమొంటన్ సూత్రం జారిపోతుంది. ఒకే చోట బరువు పెంచుకుంటూ పోతే రబ్బరు పట్టు పెరుగుతుంది కానీ బరువు పెరిగినంతగా పెరగదు. అప్పటికే రాతి సందుల్లోకి దూరిన రబ్బరుకి ఇంకా దూరడానికి చోటుండదు మరి. అదే బరువును ఎక్కువ రబ్బరు మీద పలచగా పరిస్తే ప్రతి ముక్కా తన వంతు కన్నా కాస్త ఎక్కువే పట్టుకుంటుంది. కాబట్టి లాభం వెడల్పులో లేదు, పలచగా పరచడంలో ఉంది. పలచగా పరవాలంటే గాలి తగ్గించాలి.

ఇది మన పల్లెల్లో తెలియని సంగతేం కాదు. ఇనప పట్టా ఉన్న చెక్క బండి చక్రం వాన దారిలో గాడి కోసుకుంటూ పోయేది, టైరు బండి వచ్చాక అదే దారిలో అవే ఎడ్లు అంతకన్నా ఎక్కువ బరువు లాగాయి. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనప పంజరాల్లాంటి దమ్ము చక్రాలు తగిలించేది కూడా బరువును మెత్తటి నేల మీద పరచడానికే. ఆ చక్రాలతోనే తారురోడ్డు ఎక్కితే ఏమవుతుందో, పంచాయతీ వాళ్లు ఎందుకు కేకలేస్తారో కూడా రైతులకి తెలుసు.

సన్న టైరులోనే గాలి తగ్గిస్తే పోలా అంటే, పోదు. పాత టైరుకి 15 పీఎస్‌ఐ పెడితే లెక్క ప్రకారం ముద్ర 18 సెంటీమీటర్ల పొడవు రావాలి. అంత ఆనాలంటే పక్క గోడలు బాగా కుంగాలి. చక్రం తిరిగిన ప్రతిసారీ అలా మడతపడుతూ విప్పుకుంటూ పోతే, ఇనప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టు, టైరు మాడిపోతుంది. మలుపులో రిమ్ము నుంచి ఊడినా ఊడుతుంది. వెడల్పు టైరుకి ఆ బాధ లేదు. దాని పొట్ట పెద్దది, తక్కువ ఒత్తిడిలోనే ఆ బరువు మోస్తుంది. మేనల్లుడు మూడో అట్ట పరిచి, గాలి 15కి దించి, మళ్లీ ముద్ర తీశాడు. వెడల్పు అదే 35, పొడవు ఎనిమిది చిల్లర. లెక్క ప్రకారం తొమ్మిది రావాలి. టైరు గోడల బిగువు కొంత బరువు తన మీద వేసుకోవడంతో ఆ మేరకు తగ్గింది. ఎలా చూసినా 280 చదరపు సెంటీమీటర్లు దాటింది. ఇప్పుడు అయింది రెట్టింపుకి దగ్గర.

ఇంకో లాభం ఉంది. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది. వేడి కూడా ఎక్కువే. టైరు చుట్టూ రెట్టింపు రబ్బరు ఉంటే అరుగుదలా వేడీ రెండూ పంచుకుంటుంది, కాబట్టి మెత్తని రబ్బరు వాడినా కొన్నాళ్లు నిలుస్తుంది. మన ఊళ్లో స్కూటరు టైరుకి అంత మెత్తని రబ్బరు వేస్తే నెల తిరక్కుండా దారాలు బయటపడతాయి.

ఈ పట్టు అన్ని బళ్లకన్నా ట్రక్కుకే ఎక్కువ అవసరం. ముందు ఇంజను, క్యాబిను. వెనక ఖాళీ తొట్టి. తోసేది వెనక చక్రాలు, బరువేమో ముందు చక్రాల మీద. యాక్సిలరేటరు నొక్కగానే బరువు కొంత వెనక్కి జరుగుతుంది, అదొక్కటే దిక్కు. బండి బరువు 1,700 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్ల 98 సెంటీమీటర్లు. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో ముందుకు దూకితే 170 కిలోలు వెనక్కి వస్తాయి. తొట్టిలో మూడు సిమెంటు బస్తాలు వేసి, పైన ఇంకో ఇరవై కిలోలు పెట్టినట్టు. ఏమీ లేనిదానికన్నా నయమే గానీ, సన్న టైర్లు దానికి లొంగవు, నిలబడ్డ చోటే పొగలు కక్కుతూ తిరుగుతాయి.

సిద్ధాంతం ఇంతే. ఖర్చు మొదలయ్యేది టేపు పరిచాకే.

టైరు మీద 31×16.50-15 అని ఉంది. ఎత్తు 31 అంగుళాలు, పొట్ట వెడల్పు పదహారున్నర, రిమ్ము 15 అంగుళాలది. చేసింది మికీ థాంప్సన్ కంపెనీ. ఆ పేరుగల మనిషే 1960లో బానవిల్ ఉప్పుమైదానంలో గంటకు 400 మైళ్ల గీత దాటిన తొలి అమెరికన్. మేనల్లుడికి మొదట పద్దెనిమిదిన్నర అంగుళాల టైర్ల మీద మనసు పడింది. పక్కింటాయన ఔననలేదు, కాదనలేదు. బండి కింద పడుకుని, సుద్దముక్కతో నేల మీద గీతలు గీశాడు. ఎడమ మడ్‌గార్డు అంచు నుంచి కుడి అంచుకి లోపలగా 77 అంగుళాలు. టైర్లు రెండూ దాని లోపలే ఉండాలి. పదహారున్నర చొప్పున రెండు తీసేస్తే మధ్యలో 44 మిగులుతాయి. పద్దెనిమిదిన్నర చొప్పున తీస్తే 40. ఛాసిస్ పట్టీలు, వాటి పక్కన కమాన్ కట్టలు, బ్రేకులు అన్నీ ఆ మధ్య చోటులోనే సర్దుకోవాలి. 44 అయితే టైరుకీ కమాన్ కట్టకీ మధ్య రెండు వేళ్ల సందు. 40 అయితే ఆ రెండు వేళ్లూ ఉండవు. కమాన్లు లోపలికి జరపాలి, అంటే వెనక ఛాసిస్ కోసి కొత్తది కట్టాలి. రెండంగుళాల రబ్బరు మోజుకి మిగిలిన డబ్బంతా అక్కడే హరించుకుపోతుంది. సుద్దగీతల ముందు గొంతుక్కూర్చుని కాసేపు చూసి, "పదహారున్నరే" అన్నాడు వీడు. మొత్తం పనిలో తెలివైన మాట అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాతి చిక్కు ఇరుసు. సొంత ఇరుసు చాలా వెడల్పు. దానికి ఈ టైర్లు వేస్తే మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొస్తాయి. రేసు దుకాణంలో కావలసిన కొలతకి కొత్త ఇరుసు చేసిస్తారు, కానీ ఆ ధరకి మన బడ్జెట్ చాలదు. బీదవాడి దారి జంక్‌యార్డు. టిక్కెట్టు కొనుక్కుని, సొంత స్పానర్లు మోసుకుని లోపలికెళ్లి, వరసగా దిమ్మల మీద నిలబెట్టిన చచ్చిన బళ్లలో కావలసింది మనమే ఊడదీసుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఊడదీసి, కడిగి, పక్కనే టీ కూడా తెప్పిస్తారు. ఇక్కడ స్వయంసేవ.

వాళ్లు వెతికింది 1990ల చివరి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరరు. దాని వెనక ఇరుసులో క్రౌన్ వీలు 8.8 అంగుళాలది, షాఫ్టు కొసన 31 పళ్లు, పైగా డిస్కు బ్రేకులు. బండి కింద దూరి డిఫరెన్షియల్ మూత బోల్టుకి వేలాడే చిన్న రేకుబిళ్లను గుడ్డతో తుడిచి చూస్తే 3ఎల్73 అని ఉంది. ఆ ముక్కని ఇంటికి తెచ్చుకున్న దేవుడి పటంలా చూశాడు మేనల్లుడు. 3.73 అంటే ప్రొపెల్లర్ షాఫ్టు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మధ్యలో ఎల్ అక్షరం ఉంటే అది లిమిటెడ్ స్లిప్ రకం. ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందిస్తుంది. టైరు ఎత్తు 29 నుంచి 31 అంగుళాలకి పెరిగింది కాబట్టి చేతికొచ్చేది 3.5 లాంటి నిష్పత్తే. హైవే మీద ఇంజను గోల కాస్త తగ్గుతుంది, దూకుడు కాస్త తగ్గుతుంది. ఇష్టపడే కొనుక్కున్న నష్టం అది.

ఈ ఇరుసులో ఇంకో విడ్డూరం ఉంది. దాని బుర్ర, అంటే డిఫరెన్షియల్ గూడు, మధ్యలో ఉండదు. డ్రైవరు వైపు గొట్టం మూడంగుళాల దాకా పొడుగు, రెండోవైపు పొట్టి. ఆ తేడా మేరకు పొడుగు గొట్టం కోసేసి మళ్లీ అతికితే ఇరుసు కురచవుతుంది, బుర్ర మధ్యకొస్తుంది. లోపలి షాఫ్టుని కోయనక్కర్లేదు. ఇంకో ఎక్స్‌ప్లోరరు నుంచి పొట్టి వైపు షాఫ్టు ఊడదీసి తెచ్చి పెడితే సరిగ్గా సరిపోతుంది. ఫోర్డ్ కంపెనీ వేరే అవసరానికి వంకరగా పెట్టిన బుర్ర, ముప్పయ్యేళ్ల తర్వాత డబ్బు లేనివాళ్లకి వరమైంది. షెవర్లే బండి కింద ఫోర్డ్ ఇరుసేమిటని సంప్రదాయవాదులు మొహం చిట్లిస్తారట. చిట్లించనీ.

కోయడం పది నిమిషాల పని. అతకడానికి ఒక పూట పట్టింది, ఎందుకో దగ్గరుండి చూశాను. వేడెక్కిన ఉక్కు వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. వెల్డు కరిగి గడ్డకట్టే చోట ఆ ముడుపు ఎంత బలంగా ఉంటుందంటే, అంత లావు గొట్టాన్నీ తనవైపు లాక్కుంటుంది. ఒకవైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ వెల్డు చేసుకుంటూ పోతే గొట్టం ఆ వైపుకి వంగుతుంది. అర డిగ్రీలో అయిదో వంతు వంగినా చాలు, 31 అంగుళాల టైరు ముందు అంచుకీ వెనక అంచుకీ ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. బండి తిన్నగా పోతున్నట్టే ఉంటుంది, టైరు మాత్రం రోజూ కాస్త పక్కకి ఈడ్చుకుపోతూ ఒక అంచు అరిగిపోతుంది. అందుకని పక్కింటాయన ఇరుసు కొస నుంచి కొస దాకా ఒక నున్నని ఉక్కు కడ్డీ దూర్చాడు. బేరింగులు కూర్చునే చోట్లలో ఇత్తడి రంగు బిళ్లలు పెట్టి కడ్డీని వాటిలోంచి పోనిచ్చాడు. తర్వాత నాలుగు చుక్కలు అతికాడు, పైన ఒకటి, కింద ఒకటి, ముందొకటి, వెనకొకటి. ఒక అంగుళం వెల్డు, ఆగడం. ఎదుటి వైపు ఒక అంగుళం, మళ్లీ ఆగడం. ప్రతిసారీ కడ్డీని వేళ్లతో తిప్పి చూస్తాడు. సులువుగా తిరిగితే తలూపుతాడు. ఒకసారి బిగిసింది. అప్పుడు ఏం మాట్లాడకుండా ఎదుటి వైపు వట్టి మంటతో వేడిచేసి, చల్లారేదాకా లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. తిరిగి చూస్తే కడ్డీ వదులైంది. లాగే గుణంతోనే వెనక్కి లాగించాడన్నమాట.

ఆ ఇరుసులో నాకు భయం పుట్టించింది ఇంకొకటి. చక్రం బయటికి జారిపోకుండా షాఫ్టుని పట్టి ఉంచేది లోపలి కొసన ఉండే సీ ఆకారపు చిన్న క్లిప్పు. షాఫ్టు విరిగితే చక్రం, టైరు, బ్రేకు డిస్కు అన్నీ కలిసి బండిని విడిచి తమ దారిన పోతాయి. సన్న టైరుతో షాఫ్టు మీద పడే మెలి తక్కువ, ఎందుకంటే టైరే ముందు జారిపోతుంది. పట్టున్న టైరు జారదు, ఆ మెలి అంతా షాఫ్టు మోయాలి. పట్టు పెరిగిన కొద్దీ వెనకున్న ప్రతి ముక్కకీ కష్టం పెరుగుతుంది. కమాన్ కట్టలకి కూడా అంతే. చక్రాన్ని ముందుకి తిప్పే ఇరుసు తాను వెనక్కి తిరగాలని చూస్తుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది, కమాన్లు ఎస్ ఆకారంలో మెలి తిరుగుతాయి, ఒక్కసారి విప్పుకుని టైరు ఎగిరెగిరి పడుతుంది. ఆ మెలి ఆపడానికి ఇరుసు నుంచి ఛాసిస్‌కి ఒక జత అడ్డకడ్డీలు బిగించారు. 1960 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే ట్రక్కు దొరికి ఉంటే ఈ బెడద తక్కువ. వాటిలో కమాన్ల బదులు పొడవాటి చేతులూ చుట్ట స్ప్రింగులూ ఉండేవి. సరుకుల బండికి గీసిన ఆ అమరికనే నాస్కార్ పై తరగతి రేసు కార్లు దశాబ్దాల పాటు వాడుకుని, 2022లో కొత్త కారు వచ్చాకే వదిలాయి.

ఇంజను గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బానెట్ చీల్చుకుని బయటికొచ్చే సూపర్‌చార్జరు కావాలన్నది మేనల్లుడి కల. డబ్బు కలకి సరిపోలేదు. 1999 తర్వాతి షెవర్లే ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇనప బ్లాకు ఇంజను అదే జంక్‌యార్డులో దొరికింది. చూడ్డానికి నీళ్లమోటరులా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది. రంగు కూడా వేయలేదు.

తొట్టిలో చక్రాల గూళ్లు లోపలికి జరిపే పని ఒక్కరోజులో అయింది. కొత్త రేకుతో చేసిన గూళ్లు అమ్ముతారు. వీళ్లు పాత గూళ్లనే ఊడదీసి, ఒక్కొక్కదాన్ని పుచ్చకాయలా నిలువునా రెండుగా కోసి, మధ్యలో నాలుగంగుళాల రేకు పట్టీ అతికి, మళ్లీ బిగించారు. ఖర్చు ఒక రేకు ముక్క, గ్రైండరు బిళ్లలు. కారులో అయితే ఈ పనికి వెనక సీటు పోయేది. ట్రక్కులో పోయేది సరుకు పెట్టుకునే చోటు మాత్రమే.

టైర్లు కొత్తవి కావు. ఎవరో మేళా బండి నుంచి తీసినవి. గాళ్లు లోతుగా, కొత్తగా, గోళ్లతో గీస్తే మెత్తగా ఉన్నాయి. అమ్మేవాడు అదే చూపించాడు. పక్కింటాయన మాత్రం కళ్లజోడు పైకి తోసి టైరు పక్కగోడ మీద నాలుగంకెలు వెతికాడు. 2000 సంవత్సరం నుంచి తయారైన ప్రతి టైరుకీ డాట్ గుర్తు వెంబడి ఆ నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో ఇరవైమూడో వారం. తిరగకుండా నీడన పడి ఉన్నా రబ్బరు గాలిలోని ఆక్సిజనుకి, ఓజోనుకి పెళుసెక్కుతుంది. అరగని టైరు చూసి ముసలి టైరు కొనడం ఇలాంటి బళ్ల దగ్గర మామూలే, ఎందుకంటే మేళా బళ్లు తిరగవు. మొదటి జత తిప్పి పంపేశారు. రెండో చోట దొరికినవి మూడేళ్ల వయసువి. మీ ఇంటి ముందున్న కారుకి కూడా ఆ నాలుగంకెలు ఉంటాయి, వెళ్లి చూడండి.

ఇంకో విచిత్రం రోజూ పొద్దున్నే కనిపించేది. ఈ టైర్లు పాత పద్ధతివి, నైలాన్ దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరిచినవి. మిషలిన్ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ పద్ధతి కాదు. రాత్రంతా ఒకేచోట నిలబడితే నేలకు ఆనిన భాగం చదునుగా బిగుసుకుపోతుంది. మొదటి రెండు మైళ్లూ బండి ఎడ్లబండిలా గతుక్కు గతుక్కుమంటుంది. వేడెక్కి దారాలు సడలాక నున్నగా పోతుంది.

అసలు ప్రమాదం వాన. 1960ల్లో అమెరికా నాసా వారి లాంగ్లీ కేంద్రంలో వాల్టర్ హార్న్, ఆయన తోటివారు విమానాల టైర్లు తడి రన్‌వే మీద ఎందుకు తేలిపోతాయో పరీక్షించి ఒక చిన్న సూత్రం ఇచ్చారు. టైరు గాలి ఒత్తిడి వర్గమూలాన్ని తొమ్మిదితో గుణిస్తే, ఏ వేగంలో టైరు నీటి మీద తేలుతుందో నాట్లలో వస్తుంది. నీటిని పక్కకి నెట్టేది టైరు లోపలి ఒత్తిడే. వేగం పెరిగే కొద్దీ నీరు ఎదురు తోస్తుంది, రెండూ సమానమైన చోట రబ్బరు నేలను వదిలేస్తుంది. 30 పీఎస్‌ఐ ఉన్న టైరు గంటకు 91 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. 15 అయితే 65 దగ్గరే. ఏ మెత్తదనం కోసం పదహారున్నర అంగుళాలు పెట్టుకున్నామో, వానలో బండిని పడవ చేసేది అదే మెత్తదనం. పైగా ముద్ర అడ్డంగా పరుచుకుని పొడవు తక్కువ కావడంతో ముందు నీటిని చీల్చి వెనక నేలను పట్టుకునే వ్యవధి ఉండదు. టైరు గాళ్లు కూడా పలచన. సన్నటి ముందు టైర్లు 32 పెట్టుకుని నేలను పట్టుకునే ఉంటాయి, వెనకవి తేలిపోతాయి. అప్పుడు బండి తోక ముందుకొస్తుంది.

టెక్సస్‌లో మామూలు బళ్లకి ఏటేటా చేసే భద్రతా తనిఖీ 2025 జనవరి నుంచి తీసేశారు. ఈ బండి బాగుందా లేదా అని చెప్పేవాళ్లు ఇక ఆ గ్యారేజీలో ఉన్న ఇద్దరే. మన దగ్గర ఇలాంటిది చేయడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, రిజిస్ట్రేషన్‌లో నమోదైన కంపెనీ కొలతలు దాటి బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కురచ చేసిన ఇరుసు మీద ఆ వెల్డు చూశాక నాకు చట్టం మీద కోపమేమీ రాలేదు. అలా పూటంతా కడ్డీ తిప్పుకుంటూ కూర్చునే మనిషి ప్రతి షెడ్డులోనూ ఉండడు.

నేను బయల్దేరడానికి రెండ్రోజుల ముందు పక్కింటాయన గరాజు కప్పుకి ప్లైవుడ్ కావాల్సి వచ్చింది. ట్రక్కు ఉంది కదా అని ముగ్గురం వెళ్లాం. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉన్న రేకుల్లాంటి ఆరు పలకలు. పెద్ద పికప్ ట్రక్కు తొట్టిలో చక్రాల గూళ్ల మధ్య నాలుగడుగుల పలక పడుకుని సరిపోయేలా కంపెనీలే చోటు ఉంచుతాయి. మా తొట్టిలో ఆ చోటు పోయింది. గూళ్ల మధ్య మూడున్నర అడుగులే మిగిలింది. పలకలు గూళ్ల మీద ఎక్కి, ఏటవాలుగా, వెనక తలుపు దాటి బయటికి చూస్తూ కూర్చున్నాయి. తాడు కడుతూ పక్కింటాయన మొదటిసారి నవ్వడం చూశాను.

తిరుగుదారిలో మబ్బు పట్టింది. హైవే ఎక్కేసరికి పెద్ద చినుకులు పడ్డాయి. మేనల్లుడు కుడి వరసలోకి వచ్చి స్పీడు తగ్గించాడు. ముల్లు 35 మైళ్ల మీద నిలిపాడు. లారీలు, కార్లు, చివరికి ఒక స్కూలు బస్సు కూడా హారను కొట్టుకుంటూ దాటిపోయాయి. "ఇంకో అయిదు మైళ్లు పెంచొచ్చు కదరా, లెక్క ప్రకారం నలభై దాకా ఉంది" అన్నాను.

"లెక్క టైరు కొత్తగా ఉన్నప్పటిది మామయ్యా," అన్నాడు, వైపర్ల మధ్యలోంచి రోడ్డు చూస్తూ.